సంచుల కాపలా

మా గుండుగొలనులో ఏ ఇంట్లోంచైనా అర్ధరాత్రి దాటాక పులిహోర తాలింపు వాసన వచ్చిందంటే ఆ ఇంటివాళ్ళు దూరప్రయాణం పెట్టుకున్నారని అర్థం. ఎటు పోతున్నారో కూడా వాసనే చెబుతుంది. పులిహోరతో పాటు దద్ధ్యోజనం కలుపుతుంటే తిరుపతి. పక్క పొయ్యి మీద కోడిగుడ్లు ఉడుకుతుంటే హైదరాబాదు, రామోజీ ఫిల్మ్ సిటీ. మొన్న దసరా సెలవుల్లో మా ఇంట్లో కోడిగుడ్లు ఉడికాయి. దసరా రోజుల్లో గుడ్లేమిటని మా పిన్ని సణిగింది. పిల్లలు నెగ్గారు.

మాది చేపల చెరువుల మీద బతికే ఇల్లు. యాత్రకి ముహూర్తం మాకు పంచాంగంలో ఉండదు, చెరువులో ఉంటుంది. బొచ్చె, శీలావతి పట్టుబడి అయిపోయి, ఐసు కొట్టిన ట్రేలతో లారీ కలకత్తా దారి పట్టి, డబ్బు చేతికొచ్చి, చెరువు ఎండబెట్టి సున్నం చల్లి మళ్ళీ పిల్ల వదిలేలోగా కాస్త ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీ, పిల్లల బడి సెలవులు, కోడళ్ళ పుట్టిళ్ళ శుభకార్యాలు, ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం పడకపోతేనే మేం గడప దాటేది. ఆకివీడువాళ్ళకీ కైకలూరువాళ్ళకీ కూడా అంతే కాబట్టి, అందరం ఒకే వారంలో ఒకే చోట తేలతాం. మా పెద్దకోడలికి తాడేపల్లిగూడెంలో వేలువిడిచిన మేనత్త ఉంది. ఏడాదిగా వెళదాం వెళదాం అనుకుంటూనే ఉన్నాం. చివరికి ఆవిడ ఫిల్మ్ సిటీలో ఐసుక్రీం బండి దగ్గర కనబడింది. పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ళు పలకరించుకోవడానికి ఇరువైపులవాళ్ళూ మూడువందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళాల్సివచ్చింది.

అంత దూరం ఎందుకర్రా అని నేను ముందే అన్నాను. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు మెడలో వేసుకుని వస్తున్నారు, పడవ షికారు కూడా ఉంది, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చెయ్యవచ్చు అన్నాను. కొల్లేటిని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయంగా గుర్తింపు ఉన్న రాంసార్ చిత్తడి నేలల జాబితాలో ఎక్కించారు అని కూడా చెప్పాను. "తాతయ్యా, కొంగలు మన చెరువు గట్టు మీదే ఉంటాయిగా" అన్నాడు మనవడు. మా పెద్దాడు ఇంకో అడుగు ముందుకేసి, అవి మన చేపలు తినకుండా వలలు కట్టడానికి డబ్బు పోస్తున్నాం, మళ్ళీ వాటిని చూడ్డానికి టిక్కెట్టు కూడానా అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

పదిహేనుమందిమి, ఒక టెంపో. ఎనభై దాటిన మా పిన్ని, నేనూ మా ఆవిడా, తమ్ముడూ మరదలూ, మా అబ్బాయిలిద్దరూ, కోడళ్ళు, తమ్ముడి కూతురూ అల్లుడుగారూ, నలుగురు పిల్లలు. మనుషుల కంటే సంచులు ఎక్కువ.

మా ఊరి జంక్షను దగ్గర రోడ్డు చీలుతుంది. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళే పాత హైవేకి ఇప్పుడు 216ఏ అని కొత్త నంబరిచ్చారు. దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్ళే కొత్త రోడ్డు 16వ నంబరు పుచ్చుకుంది. అటునుంచి వచ్చే బళ్ళన్నీ మా ఊరి దగ్గర ఒక్కటై ఏలూరు దిక్కు పోతాయి. మేమూ వాటిలో కలిశాం. దారిలో తగిలే దెందులూరు మండలంలో కొవ్వలి ఉంది, సినిమా నటి సిల్క్ స్మిత పుట్టిన ఊరు. ఆమె జీవితపు ఛాయలతో 2011లో వచ్చిన హిందీ సినిమా 'ద డర్టీ పిక్చర్' షూటింగు జరిగిన చోట్లలో మేం పోతున్న ఫిల్మ్ సిటీ ఒకటి. ఆ అమ్మాయి రోజుల్లో సినిమా కావాలంటే ఈ చుట్టుపక్కలవాళ్ళు మద్రాసు రైలెక్కాలి. ఇప్పుడు టెంపోలో పడుకుంటే తెల్లారేసరికి సినిమాయే ఎదురొస్తోంది. కలపర్రు టోల్‌గేటు దాటేసరికి అందరూ గురకలు. సంక్రాంతికి హైదరాబాదంతా కోడిపందేలకి మా వైపు దిగుతుంది, పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్ల ఫొటో పేపర్లో వస్తుంది. దసరాకి ఆ బాకీ మేం తీరుస్తాం.

ఫిల్మ్ సిటీ విజయవాడ రోడ్డు మీదే, హయత్‌నగర్‌కి ఇవతల, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంటుంది. 1996లో మొదలైంది. 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో అని గిన్నిస్‌వాళ్ళు రాసుకున్నారు. కథ చేత్తో పట్టుకుని లోపలికి వెళితే తయారైన సినిమాతో బయటికి రావచ్చని సినిమావాళ్ళు అంటారు. కట్టించిన చెరుకూరి రామోజీరావుగారు పుట్టింది గుడివాడ దగ్గర పెదపారుపూడిలో. మేం కొల్లేటికి ఈ దిక్కునుంటే ఆ ఊరు ఆ దిక్కున. 2024 జూన్ 8న ఆయన పోయినప్పుడు అంత్యక్రియలు కూడా ఆ ఫిల్మ్ సిటీలోనే జరిగాయి. ఇదంతా నేను టెంపోలో చెబుతున్నాను. వినేవాళ్ళు లేరు. ఇలాంటి చోట్ల బయటి తిండి లోపలికి రానివ్వరు కనుక అందరూ పార్కింగులోనే పులిహోర మీద పడ్డారు. మా టెంపో పక్కన ఇంకో టెంపో, దాని పక్కన బస్సు, ప్రతి దాని నీడలోనూ ఒక చాప, ప్రతి చాప మీదా ఒక గిన్నె. ఆ పార్కింగు స్థలంలో ఉదయం ఎనిమిదిన్నరకి ఉన్నన్ని రకాల పులిహోరలు అన్నవరంలో కూడా ఉండవని నా నమ్మకం.

లోపల నా ఉద్యోగం మొదలైంది.

మొదటి ఆట దగ్గర ఒక కొలబద్ద నిలబెట్టి ఉంది. గీత కంటే పొట్టిగా ఉన్నవాళ్ళు ఎక్కకూడదు. మా ఆఖరి మనవడు మునివేళ్ళ మీద లేచాడు. అక్కడున్న కుర్రాడు నవ్వి వాడి భుజం మీద చెయ్యి వేసి కిందికి దించాడు. పక్కనే ఒక బోర్డు. గుండెజబ్బు, బీపీ, నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్ళు ఎక్కవద్దని. నేనది చదువుతూ అందులో నావెన్నో లెక్కపెట్టుకుంటున్నాను. ఇంతలో చిన్నకోడలు "మావయ్యగారూ, ఒక్క నిమిషం ఇది పట్టుకోండి" అంది. ఆ ఉద్యోగానికి అంతకంటే కాగితం అక్కర్లేదు.

ఒకటి పట్టుకున్నవాడి చేతికి రెండోది దానంతటదే వస్తుంది. కళ్ళజోళ్ళు వచ్చాయి. సెల్‌ఫోన్లు వచ్చాయి. చెప్పులు, టోపీలు, పాల సీసా, సగం తిన్న చిప్స్ పొట్లం, ఏనుగు బొమ్మ బుడగ. అల్లుడుగారు తన పర్సు తీసి ఇచ్చారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పర్సు మావైపు రావడం అదే మొదలు. ఆ తర్వాత ఆడవాళ్ళు మెళ్ళో గొలుసులు తీసి రుమాల్లో మూటకట్టి ఇచ్చారు. ఎవరూ రాసుకోలేదు, సంతకం అడగలేదు. బ్యాంకు లాకరుకి ఏడాదికింతని అద్దె కడతాం. చింతకాయ పచ్చడంత పులిసిన మనిషిని ఒక బల్ల మీద కూర్చోబెడితే ఆ పని ఊరికే అయిపోతుంది.

పక్కన పిన్ని కూర్చుంది. ఆవిడ ఒళ్ళో గీతకి అందని మనవడు. అంటే ఈ పార్కు ప్రకారం మా ఇంట్లో ఎక్కువ వయసున్నవాళ్ళూ, తక్కువ ఎత్తున్నవాడూ ఒక జట్టు. నడిమివాళ్ళంతా ఇంకో జట్టు. వాళ్ళు ఆట ఎక్కుతారు. మేం చూస్తాం.

అక్కడ కూర్చుంటే నాకు గుర్తొచ్చింది వాల్ట్ డిస్నీ సంగతి. ఆయనకి ఇద్దరాడపిల్లలు, డయాన్, షారన్. సెలవు రోజున వాళ్ళని లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కేవారు. ఆయన బల్ల మీద కూర్చుని వేరుసెనక్కాయలు నములుతూ చూసేవాడు. పిల్లలకే కాదు, వాళ్ళని తీసుకొచ్చిన పెద్దవాళ్ళకీ కలిసి ఆడుకోవడానికి ఒక చోటుండాలని ఆ బల్ల మీదే తట్టిందని తర్వాత ఆయనే చెప్పాడు. ఆ ఆలోచన 1955 జూలై 17న డిస్నీలాండ్ అయింది. గ్రిఫిత్ పార్కులోని ఒక బల్లని తెచ్చి డిస్నీలాండ్‌లో చూడ్డానికి పెట్టారు కూడా. మొదటి రోజు పిలిచినవాళ్ళకే ప్రవేశం అన్నారు. దొంగ టిక్కెట్లు అచ్చువేసుకుని జనం విరగబడ్డారు. మండుటెండ. అప్పుడే వేసిన తారులో ఆడవాళ్ళ మడమల చెప్పులు దిగబడ్డాయి. కుళాయిల పనివాళ్ళ సమ్మె వల్ల తాగే నీళ్ళకి కటకట వచ్చింది. మా ఊరి తీర్థాల కమిటీవాళ్ళకి ఈ కథ చెబితే ఇందులో వింతేముందంటారు.

ఇక్కడ గమ్మత్తు ఏమిటంటే, థీమ్ పార్కు అనేది పుట్టిందే సంచుల కాపలాదారు బల్ల మీద. పెద్దవాళ్ళు ఇలా ఊరికే కూర్చోకూడదని ఆయన అంత పెట్టుబడి పెట్టాడు. డెబ్భై ఏళ్ళు గడిచాయి. ప్రపంచం నిండా పార్కులు లేచాయి. మన దేశంలోనూ 1984లో ఢిల్లీలో అప్పూ ఘర్, 1989లో బొంబాయి పక్కన ఎస్సెల్ వరల్డ్ వచ్చాయి. 2016లో హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర వండర్‌లా కూడా వచ్చింది. బల్ల మాత్రం ఖాళీ కాలేదు. వేరుసెనక్కాయల బదులు నా చేతిలో ఎవరిదో చిప్స్ పొట్లం, అంతే తేడా.

బల్ల మీద కూర్చున్నవాళ్ళది ఒక సంఘం. నా కుడివైపు మిర్యాలగూడ నుంచి వచ్చిన పెద్దమనిషి, ఒళ్ళో ఆరు జతల చెప్పులు. ఎడమవైపు షోలాపూర్ నుంచి వచ్చిన మరాఠీ ఆవిడ. మేం మాట్లాడుకున్న మొదటి మాట "మీవాళ్ళు ఎంతమంది?" కులం అడగలేదు, ఊరు తర్వాత అడిగాం. షోలాపూర్ ఆవిడకి తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. ఆవిడ తన సంచిని చూపించింది, బాత్రూం వైపు చూపించింది, నా మొహంలోకి చూసింది. నేను తలూపాను. రైల్లో ముక్కూమొహం తెలియనివాడికి సంచి అప్పగించి లేచిపోం. బస్టాండులో అసలే చెయ్యం. ఇక్కడ చేస్తాం. ఎదుటివాడి ఒళ్ళో కూడా పిల్లల చెప్పులున్నాయి, పూచీకత్తు అదే. ఆవిడ తిరిగొచ్చి ఒక లడ్డూ నా చేతిలో పెట్టింది. నేను ఒక కోడిగుడ్డు ఇవ్వబోయి, దసరా కదా అని ఆగాను. అయినా అవి టెంపోలోనే ఉన్నాయి.

మిర్యాలగూడ ఆయన ఈ విద్యలో నాకంటే ఆరితేరినవాడు. బల్ల ఎంచుకునేటప్పుడు నీడ ఇప్పుడెక్కడుందో కాదు, గంట తర్వాత ఎక్కడికి జరుగుతుందో చూడాలన్నాడు. దిగే గుమ్మం వైపు కూర్చోవాలి, ఎక్కే గుమ్మం వైపు కాదన్నాడు. ఎక్కేటప్పుడు మనల్ని ఎవరూ వెతకరు, దిగాకే వెతుకుతారు. ఫోన్లన్నీ మన దగ్గరే పెట్టుకుని వాళ్ళకి ఎలా ఫోన్ చేస్తాం అని నేనంటే, అందుకే మనం కదలకూడదు అన్నాడు. నిజమే. పదిహేనుమందిలో కదలని మనిషి ఒకడుంటేనే మిగతా పధ్నాలుగుమందికి తప్పిపోయే స్వేచ్ఛ ఉంటుంది.

ఇక క్యూ. క్యూలో నిలబడడం తెలుగువాడికి ఒకరు నేర్పక్కర్లేదు. తిరుమలలో వైకుంఠం కాంప్లెక్సు కంపార్టుమెంట్లలో కూర్చుని కూర్చుని, ద్వారకా తిరుమలలో శనివారాలు నిలబడి నిలబడి మనం పండిపోయినవాళ్ళం. ఇనపకమ్మీల మధ్య పాములా మెలికలు తిరిగే వరస చూడగానే మావాళ్ళలో ఒక క్రమశిక్షణ వచ్చేసింది. ఆడవాళ్ళూ పిల్లలూ లోపలి వైపు, మగవాళ్ళు చివర, ఎవరి చెయ్యీ వదలొద్దు. కొన్ని పార్కుల్లో ఎక్కువ డబ్బు కడితే వేరే వరసలో త్వరగా పంపుతారని మా చిన్నాడు చెబుతుంటే పిన్ని తాపీగా "మూడొందల టిక్కెట్టు" అంది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

బల్ల మీంచి చూస్తే క్యూలో ఒక సంగతి కనబడింది. మా అబ్బాయిలిద్దరూ రోజూ ఒకే చెరువు గట్టు మీద ఎదురుపడతారు. మేత బస్తా రేటు, కరెంటు బిల్లు, ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలుతున్నాయా లేదా, ఇవి తప్ప వాళ్ళ మధ్య మాట ఉండదు. ఇక్కడ ముందుకీ వెనక్కీ కదల్లేక, చేతిలో ఫోన్లు లేక, దాదాపు గంట ఇరుక్కున్నారు. మొదట పది నిమిషాలు చెరోవైపు చూశారు. తర్వాత పెద్దాడేదో అన్నాడు. చిన్నాడు నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరూ చేతులూపుకుంటూ మాట్లాడుకోవడమే. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు, తర్వాత అడగలేదు. వాళ్ళు ఎక్కిన ఆట రెండు మూడు నిమిషాలు. దిగాక వాంతి వస్తోందని ఒకడు, మెడ పట్టేసిందని ఒకడు. నన్నడిగితే వాళ్ళు టిక్కెట్టు కొన్నది క్యూ కోసం.

మా పిన్నికి మాత్రం ఒక సందేహం తీరలేదు. మధ్యాహ్నం దాకా ఓపికపట్టి, "ఒరేయ్ అబ్బాయ్, ఇంత తీర్థం జరుగుతోంది, అమ్మవారు ఎక్కడరా?" అంది. ఇక్కడ అమ్మవారు లేదు పిన్నీ అన్నాను. "మరి ఎవరి పేరు మీద ఇంత జనం?" అంది. సినిమా పేరు మీద అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

తర్వాత ఎర్రబస్సులో సెట్లు చూపించారు. రైలే రాని రైల్వేస్టేషను, విమానం ఎగరని ఎయిర్‌పోర్టు, దొంగలు లేని జైలు. ఒకే భవనం ఇటునుంచి చూస్తే ఆసుపత్రి, చుట్టూ తిరిగి అటునుంచి చూస్తే ఇంకోటి. పిల్లలు పగలబడి నవ్వారు. పిన్ని ఒక మేడ గుమ్మంలోంచి తొంగిచూసి, "వెనకాల ఇల్లు లేదురా" అని నా చెవిలో చెప్పింది, ఆ ఇంటివాళ్ళు వింటే బాధపడతారన్నట్టు. భాగవతం సెట్టు వచ్చేసరికి దేవుళ్ళు కనబడ్డారు. ఆవిడ బస్సు దిగి, చెప్పులు విప్పి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గోత్రం చెప్పుకుని, ఇంటిల్లిపాది పేర్లూ వరసగా చదివి, నడుముకి దోపుకున్న చిన్న సంచిలోంచి రూపాయి తీసి విగ్రహం పాదాల దగ్గర పెట్టింది. గైడు కుర్రాడు మొహమాటపడుతూ "అమ్మా, ఇది సెట్టండీ, ఫైబరండీ" అన్నాడు. "గుళ్ళో ఉన్నది రాయే కదా బాబూ" అంది పిన్ని. ఆవిడ వెనకాల ఎవరో ఇద్దరు చెప్పులు విప్పారు. వాళ్ళ వెనకాల ఇంకొకాయన జేబులో చిల్లర వెతుక్కున్నాడు. చిన్న వరస తయారైంది. ఆ రోజంతా అక్కడ నిలబడిన వరసల్లో ఎత్తు కొలవకుండా, బోర్డు చదవకుండా అందరినీ రానిచ్చిన వరస అదొక్కటే. నేను కూడా సంచులన్నీ భుజాన వేసుకుని వెళ్ళి నిలబడ్డాను.

తీర్థమంటే మాకు కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థం. ఫాల్గుణమాసంలో జరుగుతుంది. జలదుర్గకీ గోకర్ణేశ్వరుడికీ కల్యాణం చేస్తారు. కోట చుట్టూ కొల్లేరు. నా చిన్నప్పుడు పడవల మీద పోయేవాళ్ళం, కొందరు తాటిదోనెల్లో వచ్చేవారు. అక్కడా జెయింట్ వీల్ ఉంది, రంగులరాట్నం ఉంది, చెక్కబావిలో గోడల మీద మోటారు సైకిలు తోలే మనిషి ఉన్నాడు. నేను ఎక్కిన మొదటి రాట్నానికి నాలుగు చెక్కపెట్టెలు, దాన్ని ఇద్దరు మనుషులు చేత్తో తిప్పేవారు. 1893లో షికాగో ప్రదర్శనలో జార్జి ఫెర్రిస్ అనే ఇంజనీరు నిలబెట్టిన చక్రం ఎత్తు 264 అడుగులట. 36 పెట్టెలు, ఒక్కోదాంట్లో 60 మంది. అంటే ఒక్క తిప్పుకి 2,160 మంది, ఒక మోస్తరు పల్లెటూరు మొత్తం. పారిస్‌లో ఈఫిల్ టవర్ కట్టారని పోటీకి కట్టాడు. మా నాలుగు పెట్టెల రాట్నం ఎవరికీ పోటీ కాదు. పై పెట్టె నుంచి చూస్తే కొల్లేరంతా కనబడేది, కిందికొచ్చేసరికి తిప్పేవాడి చెమట కనబడేది.

తీర్థంలో సంచుల కాపలా అనే ఉద్యోగం లేదు. ఎందుకంటే అక్కడ ఎవరి పని వాళ్ళకుంది. పిన్నికి అమ్మవారి దగ్గర మొక్కుబడి. ఆడవాళ్ళకి గాజుల కొట్టు. మా నాన్నకి ఎప్పుడో పెళ్ళి సంబంధం మాట్లాడాల్సిన మనిషి అక్కడే దొరికేవాడు. చంటిపిల్లకి బూర. ఏమీ అక్కర్లేనివాడికి జీళ్ళు. అన్ని వయసులకీ ఏదో ఒకటి దొరికేటట్టు దాన్ని ఎవరో ఇంజనీరు కూర్చుని గీయలేదు, వందల ఏళ్ళ జనం తొక్కిడిలో అది అలా కుదురుకుంది. అలాగని తీర్థమే గొప్పదని నేను వాదించను. ఆ దుమ్ము, మరుగు లేక ఆడవాళ్ళు పడే అవస్థ, గులాబీరంగు చొక్కా పిల్లవాడు కమిటీ పందిరి దగ్గర ఏడుస్తున్నాడు, తాలూకావారు వచ్చి తీసుకెళ్ళవలెను అని గంటకోసారి మైకు. ఆ పిల్లవాడు ఒక ఏడాది నేనే. పార్కులో నేల శుభ్రంగా ఉంది, నీళ్ళున్నాయి, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళకి దారి ఉంది. పిన్ని కాలు కడుక్కోవడానికి ఇబ్బందిపడలేదు. అది చిన్న విషయం కాదు. నేననేది ఒక్కటే. తీర్థం ఇంటిని ఇల్లుగానే లోపలికి పిలుస్తుంది. పార్కు గుమ్మం దగ్గర ఇంటినంతా పిలిచి, లోపలికి వెళ్ళాక కొలబద్ద పెట్టి విడదీస్తుంది.

సాయంత్రం బాహుబలి సెట్టు. 2015లోనూ 2017లోనూ వచ్చిన ఆ రెండు సినిమాల మాహిష్మతిని సాబు సిరిల్ ఇక్కడే కట్టించారు. జనం మహాసముద్రం. మా మనవలు ఫొటోలకి వరస కట్టారు. గీతకి అందనివాడు ఇక్కడ ఏ గీతా లేదని కనిపెట్టి అందరి కంటే ముందు దూరాడు. మావాళ్ళకి నేను ఒక బల్ల దగ్గర ఉంటానని చెప్పాను. వాళ్ళు ఐసుక్రీం కొనుక్కుని, నాకొకటి కొని, దారిలో ఫొటో దిగి, తాడేపల్లిగూడెం మేనత్తతో ఇంకోసారి మాట్లాడి, నన్ను వెతుక్కుని వచ్చేసరికి నా ఐసుక్రీం గ్లాసుతో తాగేటట్టుంది. తాగాను. వెనిల్లా.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. టెంపో ఎక్కేముందు మనుషుల్ని ఒకసారి, సంచుల్ని రెండుసార్లు లెక్కపెట్టాం. గొలుసుల మూట ఎవరిది వాళ్ళకి చేరింది. అల్లుడుగారు పర్సు తీసుకుని నా ముందే తెరిచి చూసుకోకుండా, కాస్త దూరం వెళ్ళి చూసుకున్నారు. మర్యాదస్థుడు. ఒక చంటిపిల్ల చెప్పు తగ్గింది, ఒక మంచినీళ్ళ సీసా ఎక్కువైంది. సీసా షోలాపూర్ ఆవిడది అయుండాలి.

వచ్చే సెలవుల్లో వెళ్ళేవాళ్ళకి నాదొక మనవి. సంచుల కాపలాకి వంతులు వేసుకోండి. ఆటకొకరు చాలు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఒక గంట ఆ బల్ల మీద కూర్చుంటే వాడికి పోయేదేమీ లేదు, పైగా మిర్యాలగూడ ఆయన లాంటివాళ్ళ దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. ఆ గంటలో తాతనో నాయనమ్మనో వాళ్ళు ఎక్కగలిగింది ఏదో ఒకటి చూసి ఎక్కించండి. పెద్ద ఆటలే అక్కర్లేదు. రంగులరాట్నం గుర్రానికి బీపీ అభ్యంతరం లేదు. పార్కులు కట్టేవాళ్ళకి ఇంకో మనవి. ప్రతి ఆటకీ ఎదురుగా, దిగే గుమ్మం వైపు, నాలుగింటిదాకా నీడనిచ్చే చెట్టు ఒకటి నాటి, దాని కింద వీపు ఆనుకునే బల్ల వెయ్యండి. డిస్నీగారి బల్లకి వీపు ఉందో లేదో గానీ మాకు కావాలి. ఇవేవీ కుదరవంటారా, అయితే ఐసుక్రీం మాత్రం కరక్కముందే తెచ్చివ్వండి.